మా వదిన కొట్టిన గాలి

మా వదినకు బస్సు డిపోలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున అన్నయ్య వీధంతా చాటింపు వేశాడు. అది ఏ ఉద్యోగమో తెలిశాక మాత్రం రెండు రోజులు కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు. ఆవిడ రాసింది గుమాస్తా పరీక్ష. ఖాళీ ఉన్నది టైర్ సెక్షన్‌లో. "డిగ్రీలో ఫిజిక్స్ చదివింది టైర్లు దొర్లించడానికా?" అన్నాడు అన్నయ్య. "మరి మీరు లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చింది కాజాలు కుట్టడానికా?" అంది వదిన. ఆ తర్వాత మా ఇంట్లో ఆ ప్రస్తావన మళ్లీ ఎవరూ తేలేదు.

నేను ఆ డిపోలోనే డ్రైవర్ని. పదకొండేళ్ల సర్వీసు. కోపం ముక్కు మీద ఉంటుందని నా గురించి అందరూ అంటారు, నేను కాదనను. కానీ వదిన మీద ఈగ వాలినా ఊరుకునేవాణ్ని కాదు. ఇప్పుడు చెప్పబోయే అనర్థమంతా ఆ అభిమానం వల్లే వచ్చింది.

టైర్ సెక్షన్ అంటే డిపో వెనక ఒక రేకుల షెడ్డు. కంప్రెసర్, నీళ్ల తొట్టి, గోడ వారగా నిలబెట్టిన టైర్లు, ఎంత కడిగినా వదలని రబ్బరు వాసన. వదిన తెల్లారకముందే వచ్చేది. బస్సులు ఇంకా చల్లగా ఉండగానే ఒక్కొక్క దాని దగ్గరా గొంతుక్కూర్చుని ఆరు టైర్లకూ గేజి పెట్టి చూసేది. నూట పది పౌండ్లు ఉండాలి. తక్కువైతే గాలి కొట్టి, ముందెంత ఉందో తర్వాతెంత ఉందో రిజిస్టర్లో రాసేది. డ్రైవరు బండి తిప్పి తీసుకొచ్చాక "ఒకసారి గాలి చూడమ్మా" అంటే చూసేది కాదు. "వేడెక్కిన టైరుకి గేజి పెట్టకూడదు" అని చెప్పి పంపేసేది. ఎందుకు పెట్టకూడదని ఎవరూ అడగలేదు. నేనైనా అడగాల్సింది.

మా డ్రైవర్లకు మాత్రం వేరే ఆచారం ఒకటి ఉండేది. మధ్యాహ్నం బండి ఆగినప్పుడు, జనం భోజనాలకు దిగాక, టైర్ల దగ్గరికి పోయి వాల్వు మూత విప్పి, మేకుతో నొక్కి గాలి వదిలేవాళ్లం. దీన్ని నేర్పింది హారన్ బాబాయ్. హారన్ కొట్టకుండా ముప్పై ఏళ్లు నడిపానని ఊరంతా చెప్పుకుంటాడు కాబట్టి ఆయనకు ఆ పేరు పెట్టాం. "వేడెక్కిన టైరు పేలుతుందిరా. వంద లెక్కపెట్టేదాకా వదిలెయ్, హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది" అనేవాడు. డ్రైవర్లు వాల్వు ముట్టుకోకూడదని రూలు ఉంది. అందుకే ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు, అందరూ చేసేవాళ్లు.

నేను వంద లెక్కపెట్టే రకం కాదు. సొంతంగా ఒక గేజి కొనుక్కున్నాను. మధ్యాహ్నం పెట్టి చూస్తే నూట ఇరవై ఎనిమిది చూపించింది!  వదిన కొట్టాల్సింది నూట పది. అంటే కొత్త ఉద్యోగం, చెయ్యి ఇంకా కుదరలేదు, గాలి ఎక్కువ కొట్టేస్తోంది అనుకున్నాను. పైకి తెలిస్తే ఆవిడ పరువు పోతుంది. అందుకని రోజూ నూట పది దాకా దింపి, మూత బిగించి, నోరు మూసుకుని బండెక్కేవాణ్ని. దాదాపు రెండేళ్లు ఇలా ఆవిడ తప్పును కడుపులో పెట్టుకున్నాను. చాలా గొప్ప పని చేస్తున్నానని లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

ఆ వేసవిలో ఒక నెలలోనే మూడు బస్సుల టైర్లు పేలాయి. మూడోది నాదే. రాత్రి అవతలి ఊళ్లో ఆగి, పొద్దున్నే బయల్దేరి, గంటన్నర నడిపానో లేదో ఎడమవైపు వెనక టైరు బాంబులా పేలింది. బండిని ఎలాగో పట్టుకుని ఆపాను. కానీ ఆ చక్రం మీది సీట్లో కూర్చున్న పెద్దావిడ కింద పడి మణికట్టు విరిగింది. ఆవిడ ఏడవలేదు. "బాబూ, నా సంచీ ఎక్కడుంది?" అని అడిగింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మూడు రోజులకు వదినకు మెమో వచ్చింది. గాలి సరిగ్గా చూడకుండానే రిజిస్టర్లో నూట పది అని రాస్తున్నారని అభియోగం. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆ నెలాఖరుకి ఆవిడ రెండేళ్ల ప్రొబేషన్ పూర్తవుతుంది. అయితే పర్మనెంట్, లేకపోతే ఇంటికి. మధ్యలో ఇంకో దారి లేదు.

ఆ సాయంత్రం వదిన మెమోను అన్నయ్య కత్తిరింపు బల్ల మీద పెట్టి, దాని మీద కత్తెర బరువు పెట్టింది. "నేను రాసినవన్నీ నిజమే. కానీ ఒకటి అర్థం కావట్లేదు. పొద్దున నూట పది పెట్టిన టైరు మర్నాటికి తొంభై నాలుగుకి దిగుతోంది. ఎక్కడో కారుతోందని ప్రతి టైరూ తొట్టిలో ముంచి చూశా. ఒక్క బుడగ రాలేదు. ఆ గాలి ఎటు పోతోంది?" అంది.

అన్నయ్య మొహం చిన్నబోయింది. నాకు జాలేసింది. ఇక దాచకూడదనుకుని, పెద్ద మనసు చేసుకుని చెప్పేశాను. "వదినా, నువ్వు బాధపడకు. నువ్వు గాలి ఎక్కువ కొడుతున్నావు. నాకు ముందు నుంచీ తెలుసు. నీ పేరు చెడకూడదని నేనే రోజూ మధ్యాహ్నం తీసేస్తున్నా. ఎవరికీ చెప్పలేదు కూడా."

వదిన నా వైపు చూసిన చూపు ఏ మరిదికీ రాకూడదు. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"తీసేస్తున్నావా? రోజూనా?"

"రోజూ."

"నువ్వొక్కడివేనా?"

"అందరమూ."

"ఏవండీ," అంది అన్నయ్యతో, నా మీంచి చూపు తిప్పకుండా, "మీ తమ్ముణ్ని ఇటు కూర్చోబెట్టండి. ఇవాళ ఈయనకి పాఠం చెప్పకపోతే నాకు నిద్రపట్టదు."

నాకు ఒళ్లు మండింది. మేలు చేసినవాణ్ని దొంగలా కూర్చోబెట్టడం ఏమిటి? అయినా కూర్చున్నాను. ఆవిడ ఒక పాత హ్యాంగరు తీగ విరిచి నా చేతిలో పెట్టి, అటూ ఇటూ వంచమంది. ఇరవైసార్లు వంచాక, ఆ వంపు తీసుకుని టక్కున నా చెంపకు ఆనించింది. చురుక్కుమంది.

"పొయ్యి మీద పెట్టలేదు కదా, ఎందుకు కాలింది? వంచితే వేడి పుట్టింది. నీ టైరూ అంతే. తిరిగే ప్రతి చుట్టుకీ నేల మీద ఒకసారి అణిగి లేస్తుంది. లోపలి గాలికి ఆ వేడి ఎక్కుతుంది. వేడి ఎక్కడమంటే ఏంటో తెలుసా?"

"చెప్పు."

"గాలంటే కంటికి కనబడని కణాలు. ఊరికే ఉండవు, ఎప్పుడూ పరిగెడుతూనే ఉంటాయి. ఆ పరుగు ఎంత జోరుగా ఉందో చెప్పే కొలతే టెంపరేచర్. అన్నీ ఒకే జోరుమీద ఉండవనుకో, సగటున ఎంతో అది చెబుతుంది. కణాల్లో పరుగుండటం, పైన వేడుండటం రెండు సంగతులు కాదు. ఒక్కటే సంగతి."

నేను అర్థమైనట్టు తలూపాను. ఆవిడకు తెలిసిపోయింది.

"పోనీ, స్కూలు ట్రిప్పు తిప్పావు కదా. పొద్దున్న నలభై మంది పిల్లలు ఎక్కితే ఎలా ఉంటారు?"

"నిద్రమొహాలతో కూర్చుంటారు."

"సాయంత్రం?"

"అబ్బో! అటూ ఇటూ పరిగెత్తి బస్సు గోడలు బద్దలు కొట్టేస్తారు."

"ఎంతమంది?"

"అదే నలభై మంది."

"పిల్లలు పెరగలేదు. పరుగు పెరిగింది, గోడకి దెబ్బలు పెరిగాయి. నీ గేజి చూపించేది ఆ దెబ్బల్నే. నువ్వేమో నలభై మందీ యాభై అయ్యారనుకుని, పదిమందిని మెడపట్టి రోడ్డు మీద దింపేశావు. సాయంత్రానికి అల్లరి తగ్గింది, బాగుందనుకున్నావు. మర్నాడు పొద్దున్న మిగిలినవాళ్లు నెమ్మదిగా కూర్చుంటే బండిలో ఎంతమంది?"

"ముప్పై," అన్నాను. 

అన్నయ్య ఊరుకుంటాడా, లెక్కల్లో ఫస్టు కదా. "ఆగాగు. పొద్దున ఇరవై అయిదు డిగ్రీలు, మధ్యాహ్నం టైరులో డెబ్బై అనుకో. వేడి దాదాపు మూడింతలైంది. మరి నూట పది కాస్తా మూడొందలు అవ్వాలి కదా?"

వదిన ఆయన మెళ్లోని టేపు లాగింది. "దీని మొదట్లో రెండొందల డెబ్బై మూడు గీతలు చిరిగిపోయాయనుకోండి. మిగిలిన ముక్కతో కొలిస్తే ఇరవై అయిదు, డెబ్బై అని వస్తుంది. నిజం కొలత అంతేనా? సున్నా డిగ్రీల దగ్గర కణాలేం ఆగిపోవు, నీళ్లు గడ్డకడతాయంతే. వాటి పరుగు లెక్క ఇంకా ఎంతో కింద నుంచి మొదలవుతుంది. అక్కణ్నుంచి లెక్కేస్తే ఇది రెండొందల తొంభై ఎనిమిది, అది మూడొందల నలభై మూడు. పెరిగింది ఆరో వంతు లోపే." తర్వాత నా వైపు తిరిగింది. "మధ్యాహ్నం నీ గేజి ఎంత చూపించేదో నాకు చెప్పకు."

గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకుని, ఒక పాత అస్తరు ముక్క మీద లెక్క వేసింది. గేజి కూడా మొదలు చిరిగిన టేపే, బయటి గాలి ఒత్తిడి పదిహేనూ అది చూపించదని గొణుక్కుంటూ ఆ పదిహేను కలిపింది, చివర మళ్లీ తీసేసింది. "నూట ఇరవై తొమ్మిది దగ్గర చూపించి ఉండాలి" అంది.

నేను జేబులోంచి నా గేజి తీసి బల్ల మీద పెట్టాను. "నూట ఇరవై ఎనిమిది."

ఆవిడ ఇంకో లెక్క వేసింది. వేడిగా ఉన్నప్పుడు నూట పదికి దింపితే, చల్లారాక ఎంత? తొంభై నాలుగు వచ్చింది. రిజిస్టరు నా ముందుకు తోసింది. పేజీలకు పేజీలు తొంభై నాలుగు, తొంభై అయిదు, తొంభై మూడు, తొంభై నాలుగు. ప్రతి వరుస పక్కనా మళ్లీ నూట పదికి కొట్టినట్టు ఆవిడ గుండ్రటి రాత. డిపోకి తిరిగొచ్చే బస్సులకు ఆవిడ పొద్దున్నే గాలి నింపేసేది. అవతలి ఊళ్లో ఆగిన బస్సులకు నింపేవాళ్లు లేరు. అవి ఆ తొంభై నాలుగుతోనే నిండా జనంతో బయల్దేరేవి. గాలి తగ్గిన టైరు ఎక్కువ అణుగుతుంది. ఎక్కువ అణిగితే ఎక్కువ వేడెక్కుతుంది, పక్కగోడలు నలిగి తెగుతాయి.

"ఎండకి పేలేవైతే మధ్యాహ్నం పేలాలి కదా," అంది వదిన. "మూడూ పొద్దున్నే పేలాయి. అది కూడా అవతలి ఊరి నుంచి బయల్దేరినవే."

నేను ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పెద్దావిడ చెయ్యి విరగ్గొట్టింది నేనే. రోడ్డు కాదు, ఎండ కాదు, వదిన కాదు. నేను, నా మేకు, నా మంచితనం.

ఏడో రోజున మేనేజరు గారు అందర్నీ పిలిచారు. వదిన తన లెక్కలు చూపించింది. ఆయన ఓపిగ్గానే విన్నారు. "అమ్మా, మీ లెక్క బాగుంది. కానీ గాలి ఎవరో వదిలితేనే కదా ఇదంతా. ఎవరు వదిలారు?" అని మా వైపు చూశారు. ఇరవై ముగ్గురు డ్రైవర్లం. ఒకడు సీలింగు చూశాడు, ఒకడు చెప్పులు చూసుకున్నాడు. "మేం వాల్వు ముట్టుకోం సార్" అని ఒక గొంతు వినిపించింది.

వదిన నా వైపు చూడలేదు. నువ్వు చెప్పు అని ఆవిడ ముందు రోజు కూడా అడగలేదు. చెబితే సస్పెండ్ చేస్తారు, పైగా తోటివాళ్ల దృష్టిలో ద్రోహినవుతాను.  లేచాను.

"నేను వదిలాను సార్. రెండేళ్లుగా రోజూ వదులుతున్నాను. ఆ పెద్దావిడ చెయ్యి విరిగింది నా వల్లే."

 అప్పుడు వెనక వరసలో కుర్చీ కదిలింది. హారన్ బాబాయ్ లేచాడు. మొహం ఎర్రగా ఉంది. "వాడికి నేర్పింది నేను సార్. వీళ్లందరికీ నేనే నేర్పా. కానీ నేర్పింది తప్పంటే మాత్రం ఒప్పుకోను. వేడి టైరుని అలా వదిలేస్తే పేలుతుంది. ఈ అమ్మాయి కాగితం మీద నడిపింది, నేను రోడ్డు మీద నడిపాను."

 "అయితే రోడ్డు మీదే చూద్దాం" అన్నారు మేనేజరు గారు. రేపు నా బండికి వదిన నూట పది కొట్టాలి. ఆరు వాల్వు మూతల మీదా లక్క వేసి ఆయన సొంత ముద్ర గుద్దుతారు. అవతలి డిపో ఫోర్‌మన్ మర్నాడు తెల్లారి ముద్రలు పగలగొట్టి గాలి చూస్తాడు. నూట పది ఉంటే వదిన మాట నిజం. ముద్ర దారిలో పగిలినా, టైరు పేలినా, మెమో మెమోయే.

పొద్దున్న బండి దగ్గరికి వచ్చేసరికి వదిన అందులో కూర్చుని ఉంది. ఎడమవైపు, వెనక చక్రం మీది సీటులో. ఆ ప్రమాదం జరిగినప్పటి నుంచి రోజూ వచ్చేవాళ్లెవరూ ఆ సీట్లో కూర్చోవడం లేదు.

"ముందుకి రా వదినా, నీకేం పని అక్కడ?"

"నాకు నమ్మకం ఉందని నోటితో చెబితే నీకు ఆనదు. బండి తియ్యి."

అంత సుతారంగా నేను ఎప్పుడూ నడపలేదు. మధ్యాహ్నం ఆగాక టైరు మీద చెయ్యి పెట్టి, కాలి, వెనక్కి తీసుకున్నాను. జేబులో మేకు ఉంది. అలవాటుగా పెట్టుకున్నదే. లక్క మీద ఒక్క పోటు పొడిస్తే చాలు, నా గుండెదడ తగ్గిపోతుంది. కానీ వదిన ఉద్యోగం పోతుంది. పొడవకపోతే, ఒకవేళ బాబాయ్ మాటే నిజమైతే, పోయేది వదినే. బుర్రకు లెక్క అర్థమైంది, చేతికి అర్థం కాలేదు. మేకు తీసి రోడ్డు అవతల ముళ్లపొదల్లోకి విసిరేశాను. కిటికీలోంచి వదిన, "భోజనం చేశావా?" అని అడిగింది. అబద్ధమాడి, చేశానన్నాను.

సాయంత్రం క్షేమంగా చేరాం. తెల్లారి చల్లగా ఉంది. ఫోర్‌మన్ టార్చి పట్టుకుని వచ్చాడు, మొహం మాడ్చుకుని, ఎవరి గొడవో తన నెత్తిన పడిందన్నట్టు. మొదటి ముద్ర పగలగొట్టి గేజి పెట్టాడు. నూట పది. రెండోది నూట తొమ్మిది. మూడు, నూట పది. నాలుగోది ఎడమవైపు వెనకది. గేజి బుస్సుమంది, నేను కళ్లు మూసుకున్నాను.

"నూట పది," అన్నాడు. ఆరూ చూసి లేచి, చేతులు దులుపుకుని, "ఇంత బాగా ఉన్న టైర్లు చూడ్డానికి నన్ను నిద్ర లేపారా?" అన్నాడు.

ఆయన ఫోన్లోనే మా మేనేజరుకి చెప్పాడు. మేనేజరు గారు వదినతో మాట్లాడాలన్నారు. ఆవిడ "సరే సార్... సరే సార్... అన్ని రూట్లకీ నెల రోజులు చూద్దాం సార్" అని ఫోను ఇచ్చేసింది. మెమో వెనక్కి తీసుకున్నారట. నా సంగతి తర్వాత చూస్తామన్నారట. నాకు పది రోజుల సస్పెన్షన్ పడిందని ఇక్కడే చెప్పేస్తున్నాను. నాకు తక్కువే వేశారు.

వదిన బస్సు మెట్టు మీద కూర్చుండిపోయింది. అరచేతులు రుద్దుకుంది. "నిన్నంతా ముందు సీటు రాడ్డు వదల్లేదు," అంది. "లెక్క తప్పదని తెలుసు. తెలిసినా భయం వేసింది." నేను పక్కన కూర్చుని పసివాడిలా ఏడ్చేశాను. ఆవిడ నా వీపు మీద ఒక్కటి చరిచి, "లే, టైమైంది" అంది.

తిరుగుప్రయాణంలో కూడా ఆవిడ ఆ సీట్లోనే కూర్చుంది. మూడో స్టాపులో బండి నిండిపోయింది. చంకలో నెలల పిల్లతో ఒకామె ఎక్కి, నిలబడటానికి చోటు వెతుక్కుంటోంది. అద్దంలో నాకు కనబడుతోంది. వదిన లేచి ఆమెను చెయ్యిపట్టి ఆ సీట్లో కూర్చోబెట్టింది. ఎవరో పెద్దాయన, రోజూ వచ్చేవాడే, "అక్కడ వద్దమ్మా, ఆ చక్రం మీద..." అని ఏదో అనబోయాడు.

"ఏం పర్లేదు," అంది వదిన. "ఆ టైరుకి గాలి కొట్టింది నేనే."

నేను గేరు మార్చాను.